గోడ పూలకు ఏది మేలు: నూలు పేలికా, శాటిన్ ముక్కా? కుట్టాలా, అతికించాలా?

దర్జీ దుకాణాల్లోనూ, ఇంట్లో కుట్టుమిషను కిందా మిగిలిపోయే గుడ్డ పేలికలతో గోడకు పూలు చేసుకోవడం గురించి రాసినప్పుడల్లా పాఠకుల నుంచి రెండే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. నూలు గుడ్డ మేలా, శాటిన్ మేలా అన్నది మొదటిది. సూదీ దారంతో కుట్టాలా, జిగురు కర్రలను వేడికి కరిగించి వదిలే గ్లూ గన్‌తో అతికిస్తే సరిపోతుందా అన్నది రెండవది. చూడటానికి వేరుగా ఉన్నా ఈ రెండూ ముడిపడిన ప్రశ్నలే; శాటిన్ తీసుకున్నవారు చాలావరకు జిగురు వైపే మొగ్గుతారు, నూలు తీసుకున్నవారు ఎక్కువగా సూదే పడతారు. హనుమకొండలో మా హాలు గోడకు ఈ మధ్యనే ఒక పెద్ద పూల అమరిక చేసి పెట్టుకున్నాను కనుక, ఆ ఎంపికకు దారితీసిన లెక్కను ఇక్కడ వివరంగా చెబుతాను. ముక్కలు కత్తిరించడం, దారం లాగి కుచ్చు పెట్టడం వంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను.

ఈ పోలికను తేల్చే అంశం నా దృష్టిలో ఒక్కటే: గోడ మీది పువ్వును దించి, ఉతికి, ఆరబెట్టి, తిరిగి అదే చోట పెట్టగలమా లేదా అన్నది. చేసిన రోజున అన్ని పూలూ బాగానే ఉంటాయి. తేడా తెలిసేది ఎండలు ముదిరాక. మన ప్రాంతంలో శివరాత్రి దాటిన దగ్గర నుంచి తొలకరి దాకా గాలిలో తేమ తగ్గిపోయి, వీధి దుమ్ము కిటికీల గుండా నేరుగా ఇంట్లోకి వస్తుంది. గ్రానైటు లారీలు తిరిగే కరీంనగర్ దారుల పక్కన ఇళ్లున్నవారికి, రోడ్ల పనులు ఎడతెగకుండా సాగే కాలనీల్లో ఉండేవారికి ఈ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు. దీనికి దేవుడి దగ్గర వెలిగించే అగరొత్తుల పొగ, వంటింటి పోపు నుంచి లేచే నూనె ఆవిరి తోడైతే ఆ దుమ్ము పొడిగా ఉండక జిడ్డుగా మారి గుడ్డను పట్టుకుంటుంది. పటానికైతే అద్దం ఉంటుంది, తడిగుడ్డతో తుడిస్తే చాలు. పువ్వుకు అందమంతా మడతల్లోనే ఉంటుంది, ఆ మడతల లోపలికి కుంచె గానీ తడిగుడ్డ గానీ పోదు. విదిలిస్తే పైదుమ్ము రాలుతుందే తప్ప జిడ్డు వదలదు. అందువల్ల ఉతకడానికి వీలుకాని పువ్వు కొద్ది నెలల్లోనే మట్టిరంగుకు తిరిగి, చివరకు చెత్తబుట్ట చేరుతుంది. పేలికలు ఉచితంగానే వచ్చి ఉండవచ్చు, వాటి మీద పెట్టిన శ్రమ మాత్రం ఉచితం కాదు.

ముందుగా గుడ్డ సంగతి చూద్దాం. నూలు సాధారణ వాతావరణంలో తన బరువులో 8.5 శాతం వరకు తేమను పట్టి ఉంచుకుంటుంది. శాటిన్, జార్జెట్, క్రేప్ పేర్లతో మనకు దొరికే గుడ్డల్లో అత్యధికం పాలిస్టరువి, పాలిస్టరు పట్టి ఉంచే తేమ 0.4 శాతం మాత్రమే. ఈ తేడా ఎండాకాలంలో గోడ మీద కంటికి కనిపిస్తుంది. తేమ లేని గుడ్డ మీద స్థిర విద్యుత్తు నిలిచిపోతుంది, అది గాలిలోని సన్నటి ధూళిని తన వైపు లాక్కుంటుంది. ఫ్యాను తిరిగే గదిలో, పొడి గాలిలో, పక్కపక్కనే పెట్టిన శాటిన్ పువ్వూ నూలు పువ్వూ రెండూ మాస్తాయి, కానీ శాటిన్ మెరుపు ముందుగా చచ్చిపోతుంది. మెరుపు కోసమే ఎంచుకున్న గుడ్డకు మెరుపే పోతే ఇక మిగిలేది తక్కువ.

అయితే పాలిస్టరుకు దక్కవలసిన మంచి మాటలు కూడా ఉన్నాయి, వాటిని దాటవేయడం న్యాయం కాదు. అది ఉతికితే కుంచించుకుపోదు, నీడలో గంటసేపట్లో ఆరిపోతుంది, ముడతలు నిలవవు, రంగు దిగదు. అన్నిటికంటే ముఖ్యంగా దాని అంచును కొవ్వొత్తి మంటకు దగ్గరగా తిప్పితే పోగులు కరిగి మూసుకుపోతాయి, ఆ వేడికి రేకు తనంతట తానే లోపలికి వంగి నిజమైన గులాబీ రేకు ఒంపు తిరుగుతుంది. ఈ ఒంపును నూలుతో తీసుకురావడం ఎంత నేర్పు ఉన్నవారికైనా కష్టమే. పైగా మన దగ్గర ఈ గుడ్డకు కొదవ లేదు. ప్రభుత్వం 2017 నుంచి కొన్నేళ్లపాటు పంచిన బతుకమ్మ చీరలు సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన పాలిస్టరు చీరలే; కట్టకుండా బీరువాల్లో ఉండిపోయినవి చాలా ఇళ్లలో ఉన్నాయి. ఒక్క చీర కొంగు నుంచే గోడ నిండే పూలు వస్తాయి. మంట దగ్గర పని కాబట్టి ఒక జాగ్రత్త చెప్పాలి. పాలిస్టరు దాదాపు 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగిన చుక్క చర్మం మీద పడితే అంటుకుపోయి లోతుగా కాలుస్తుంది. కాబట్టి ముక్కను వేళ్లతో పట్టుకోకుండా చిన్న పట్టకారుతో పట్టుకోవాలి, కింద నీళ్ల పళ్లెం ఉంచుకోవాలి, పిల్లలను ఈ పనికి దూరంగా ఉంచాలి.

చేతిలో ఉన్న పేలిక నూలో పాలిస్టరో తెలియకపోతే అంచు నుంచి రెండు పోగులు లాగి కాల్చి చూడండి. నూలు కాగితం కాలిన వాసనతో కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టరు ముడుచుకుంటూ కరిగి చివరకు గట్టి పూసలా మిగులుతుంది. వెంట్రుకలు కాలిన వాసన వస్తే అది పట్టు. రైకల కింద వేసే లైనింగు గుడ్డల్లో రెండూ కలిసినవి ఎక్కువగా వస్తున్నాయి కనుక ఈ పరీక్ష చేయకుండా మంట దగ్గరకు పోకూడదు. కలిసిన గుడ్డ అంచు సగం కరిగి, సగం మాడి నల్లబడుతుంది.

నూలు గుడ్డ మీద వచ్చే ఫిర్యాదులు రెండు. ఒకటి అంచుల్లో పోగులు ఊడిపోవడం, రెండవది గంజి లేకపోతే రేకులు వాలిపోవడం. పోగుల సమస్యకు చాలామంది ఐమూలగా, అంటే పోగుకు అడ్డంగా 45 డిగ్రీల వాలులో కత్తిరించడాన్ని మందుగా చెబుతారు. అది నిజమే, ఊడటం బాగా తగ్గుతుంది. కాని పేలికల్లో ఐమూలగా కత్తిరించేంత వెడల్పు అన్నిసార్లూ ఉండదు, కత్తిరింపులో గుడ్డ కూడా వృథా అవుతుంది. గంజి విషయంలో నాకు ఇంకా గట్టి అభ్యంతరం ఉంది. బియ్యపు గంజి అయినా సగ్గుబియ్యం గంజి అయినా తిండి పదార్థమే, గోడ మీద నెలల తరబడి ఉంటే బొద్దింకలకు, పుస్తకాల పురుగులకు విందు పెట్టినట్లే. వానాకాలంలో గోడ చెమ్మగిల్లితే అదే గంజి మీద బూజు పడుతుంది. పుస్తకాలు బైండింగు చేసేవారు మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు, పురుగు రాకుండా. అది విషం కాబట్టి పిల్లలు తిరిగే ఇంట్లో పూలకు వాడమని నేను ఎవరికీ చెప్పను. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురును నీళ్లలో పలచగా కలిపి ముంచితే రేకు బిరుసుగా నిలుస్తుంది, పురుగు కూడా రాదు, కాని ఉతికినప్పుడు ఆ జిగురు నాని మెత్తబడుతుంది, మళ్లీ ముంచవలసి వస్తుంది.

ఈ రెండు ఫిర్యాదులకూ ఒకే జవాబు ఉంది, అది గంజిలోనూ జిగురులోనూ లేదు, మడతలో ఉంది. 3 అంగుళాల గుండ్రటి ముక్కను సగానికి మడిచి, వంపు తిరిగిన అంచు వెంట కచ్చా కుట్టు వేసి దారం లాగితే ఒక రేకు తయారవుతుంది. మడత గీత పై అంచు అవుతుంది కనుక కత్తిరించిన అంచు ఎక్కడా బయటకు కనిపించదు, పోగు ఊడే అవకాశమే ఉండదు. రేకులో రెండు పొరల గుడ్డ ఉంటుంది కనుక గంజి లేకుండానే నిలబడుతుంది. అదే దారం మీద అయిదు రేకులు వరసగా ఎక్కించి, చివరను మొదటితో కలిపి బిగిస్తే పువ్వు పూర్తి. పలచటి మల్ గుడ్డ అయితే మడత మధ్యలో దర్జీలు రైక మెడలకు వేసే కాన్వాసు ముక్క ఒకటి పెట్టవచ్చు. మామూలు పాప్లిన్‌కు, రుబియాకు ఆ అవసరం కూడా రాదు. ఈ పద్ధతి వల్లే నాకు నూలు మీద మొగ్గు పెరిగిందని చెప్పడానికి సంకోచించను.

మరో మాట. నూలు ముక్కలను కత్తిరించడానికి ముందే ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. కొత్త నూలు మొదటి తడికి కొంత కుంచించుకుంటుంది, ముదురు ఎరుపు, మెరూన్ వంటి రంగులు దిగుతాయి. పువ్వు అయ్యాక ఉతికినప్పుడు ఈ రెండూ జరిగితే కుట్టు దగ్గర గుడ్డ ముడుచుకుపోతుంది, పక్కనున్న తెల్ల రేకు గులాబీ రంగుకు తిరుగుతుంది. నానబెట్టిన నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చడం కొంచెం ఓపికతో కూడిన పనే, కానీ దీన్ని తప్పించుకునే దారి లేదు.

ఇప్పుడు అసలు వివాదానికి, కుట్టుకూ జిగురుకూ వద్దాం. గ్లూ గన్‌తో పని ఎంత త్వరగా అవుతుందో నాకు తెలుసు. సూదితో ఒక పువ్వు పూర్తయ్యే లోపల జిగురుతో మూడు నాలుగు పూలు చేతికి వస్తాయి, వేళ్లకు సూది గుచ్చుకోదు, కంటిచూపు తగ్గిన పెద్దవారు కూడా చేయగలరు. ఈ మూడూ చిన్న విషయాలు కావు. అయితే గ్లూ గన్‌లో పెట్టే కర్రల్లో ఉండే ముఖ్య పదార్థం ఇథిలీన్ వినైల్ ఎసిటేట్. వేడికి కరగడమే దాని స్వభావం, కరగడానికి చాలా ముందే అది మెత్తబడుతుంది. మే నెలలో ఓరుగల్లు ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పడమటి ఎండ తగిలే గోడ, రేకుల కప్పు కింద గది, తలుపులు మూసి ఊరికి వెళ్లిన ఇల్లు, వీటిలో వేడి బయటి ఉష్ణోగ్రతను మించిపోతుంది. మెత్తబడ్డ జిగురు మీద రేకు బరువు పనిచేసి, పువ్వు నెమ్మదిగా కిందికి జారుతుంది. దాని పక్కనే ఉన్న గుడ్డకు జిగురు పాకి, నీటిమరక లాంటి ముదురు మచ్చ పడుతుంది. నునుపైన శాటిన్ మీదనైతే జిగురు పోగుల్లోకి దిగకుండా పైపైనే గడ్డకడుతుంది, కొన్నాళ్లకు పెళుసుగా ఊడి రేకు చేతికి వస్తుంది.

ఇక ఉతకడానికి వస్తే, జిగురు పెట్టిన పువ్వును గోరువెచ్చని నీటిలో ముంచలేం, నలపలేం, పిండలేం. చన్నీళ్లలో ముంచి తీయవచ్చు గాని, జిడ్డు పట్టిన దుమ్ము దానికి లొంగదు. మరమ్మతు కూడా కుదరదు: మాసిన ఒక్క రేకును మార్చాలంటే దాన్ని పీకాలి, పీకితే పక్క రేకు చిరుగుతుంది. కుట్టిన పువ్వుకు ఈ ఇబ్బందులేవీ లేవు. ముడి కత్తిరిస్తే దారం వదులవుతుంది, పాడైన రేకు తీసి కొత్తది ఎక్కించి మళ్లీ బిగించవచ్చు. ఉతకడానికి కుంకుడు రసం చాలు. అరగంట నానబెట్టి, రెండు నీళ్లు మార్చి, పిండకుండా పాత తువ్వాలులో వత్తి, నీడలో బోర్లా ఆరబెడితే, ఆరాక రేకులను వేళ్లతో ఒకసారి సర్దితే పువ్వు మొదటి రోజు రూపానికి వస్తుంది. దారం మాత్రం నూలుది వద్దు. దర్జీలు వాడే పాలిస్టరు దారం రెండు పేటలుగా తీసుకుని, కొవ్వొత్తి మైనం మీదుగా ఒకసారి లాగి వాడితే చిక్కుపడదు, కుచ్చు లాగేటప్పుడు తెగదు.

దీన్నిబట్టి నా తీర్పు శాటిన్ మీద కాదని, జిగురు మీద అని పాఠకులు గ్రహించే ఉంటారు. కుట్టిన నూలు పువ్వుకు నా మొదటి స్థానం, కుట్టిన శాటిన్ పువ్వుకు రెండవది. అంచులు కరిగించిన శాటిన్ రేకులను కూడా అదే విధంగా దారం మీద ఎక్కించవచ్చు, అలా చేస్తే అది నూలు కంటే సులువుగా ఉతుకుడు పడుతుంది. అతికించిన నూలు పువ్వు మూడవది, అతికించిన శాటిన్ పువ్వు చివరిది. బజారులో, వీడియోల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఈ చివరిదే అన్నది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

రంగుల దగ్గర గుడ్డ ఎంపిక ఇంకొంత మారుతుంది. ఓరుగల్లు ఇంటి గోడకు రంగులు వెతకడానికి దూరం పోనక్కరలేదు, బతుకమ్మలో పేర్చే పూలన్నీ ఉన్నాయి. తంగేడు పువ్వుకు అయిదు పలచటి పసుపు రేకులు. దానికి మల్ గుడ్డ రేకు చక్కగా సరిపోతుంది. బంతికి కుచ్చు మీద కుచ్చుగా నారింజ రంగు నూలు గుడ్డ కావాలి, శాటిన్‌తో చేసిన బంతి ప్లాస్టిక్ పువ్వులా కనిపిస్తుంది. గునుగు పువ్వుకు గుడ్డ కంటే పోగే మేలు. వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీల (నూలు జంపఖానాల) నుంచి మిగిలే కొస పోగులు సంపాదించగలిగితే వాటిని సన్నటి పుల్ల చుట్టూ కట్టి, చివరలు దువ్వితే గునుగు రూపం వస్తుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీ మందపాటి నూలు నేత కనుక దాని ముక్క రేకులకు పనికిరాదు, పూల కింద ఆధారంగా మాత్రం దానిని మించింది లేదు. పూల బరువుకు వంగదు, సూది తేలికగా దిగుతుంది, మొత్తంగా ఉతకవచ్చు. తామరకు, గులాబీకి మాత్రం శాటినే తగినది, ఈ రెండింటి విషయంలో నేను నూలును పట్టుబట్టను. ఏ గుడ్డ అయినా నేరుగా ఎండ పడే గోడకు వద్దు. నూలు రంగు అక్కడ ఒక్క వేసవిలోనే వెలిసిపోతుంది.

గోడకు పెట్టడంలో కూడా ఉతుకుడే లెక్క. రెండు వైపులా అంటుకునే టేపు దించేటప్పుడు గోడ రంగును పెచ్చుగా తీసుకువస్తుంది, సున్నం వేసిన గోడకైతే అసలు నిలవదు. అట్టముక్క తడిస్తే పోయినట్లే. బైండింగు తీగ చవకే గాని తుప్పు పట్టి గుడ్డ మీద గోధుమ మరక వేస్తుంది, ఆ మరక తేలికగా వదలదు. దర్రీ ముక్క పై అంచును మడిచి కుట్టి, అందులో సన్నటి వెదురు బద్ద దూర్చి, ఒక్క మేకుకు తగిలించడం నాకు నచ్చిన పద్ధతి. దర్రీ దొరకనివారు మేదరులు అల్లే చిన్న చాటను వాడవచ్చు, అల్లిక సందుల్లోంచి దారం తీసుకుని పువ్వును కట్టవచ్చు. పూలను అడుగు ఆధారం మీద శాశ్వతంగా కుట్టకుండా, రైకలకు వేసే టిచ్ బటన్లలో ఒక సగాన్ని పువ్వు వెనుక, రెండో సగాన్ని ఆ ఆధారం మీద కుట్టుకుంటే మాసిన పువ్వును మాత్రమే ఊడదీసి ఉతుక్కోవచ్చు. పూలు ఒకే కొలతలో ఉంటే వాటి చోట్లు మార్చుకునే వీలు కూడా కలుగుతుంది.

మిగతా గుడ్డల గురించి అడిగేవారికి క్లుప్తంగా చెబుతాను. ఫెల్టు పోగు ఊడదు, పని సులువు, కాని దాన్ని కొనాలి. పేలికలతో చవకగా చేసుకోవాలనే ఉద్దేశానికే అది విరుద్ధం. గోనెగుడ్డ పీచు రాలుతుంది, దుమ్ము పడుతుంది. నెట్ పూల మధ్య నింపుడుకు తప్ప పనికిరాదు. పట్టు ముక్కలు వెలుతురుకు బలహీనపడి చీలిపోతాయి, జరీ నల్లబడుతుంది. అమ్మమ్మ చీర ముక్క లాంటిది ఉంటే అద్దం ఉన్న పటంలో పెట్టుకోవడమే మంచిది.

శ్రీమంతానికో, ఓణీల వేడుకకో, పుట్టినరోజుకో వెనుక తెరగా ఒక్క రోజు నిలిచే పూలు కావలసినవారికి మాత్రం నా లెక్క వర్తించదు. అక్కడ దుమ్ము ప్రశ్న లేదు, ఫోటోలో మెరుపే ముఖ్యం, చేతిలో ఉన్న సమయం తక్కువ. కాబట్టి శాటిన్‌తో, గ్లూ గన్‌తో నిశ్చింతగా చేయండి. ఒకే ఒక్క సవరణ సూచిస్తాను: రేకులను ఒకదానికొకటి అతికించినా, పువ్వును తెర గుడ్డకు మాత్రం అతికించకుండా నాలుగు టాకాలతో కుట్టండి. వేడుక ముగిశాక దారం కత్తిరిస్తే తెర గుడ్డ మచ్చ పడకుండా తిరిగి వస్తుంది, పూలను ఇంకొకరి ఇంటి శుభకార్యానికి ఇవ్వవచ్చు.